పాత స్పోర్ట్సు కారులోని హీటరు – బాగుచేయుటయా, మార్చుటయా?

(ప్రసంగ పాఠము)



గోరిమేడులో కారు హీటరును గూర్చి ప్రసంగమనగానే సభలో నవ్వు పుట్టుట సహజము. మే నెల మధ్యాహ్నము ఎండలో నిలిపిన కారు తలుపును చేతితో తాకుటయే కష్టము. అట్టి ఊరిలో వేడి కొరకు వేరొక యంత్రము పెట్టుకొనువాడెవడని అడుగుట న్యాయమే. కాని ఆ ప్రశ్నకు సమాధానము వెదకదగినదే. పాత బ్రిటిషు స్పోర్ట్సు కారును ముచ్చటపడి నిలుపుకొనువారు మన ఉష్ణదేశములో మొట్టమొదట పీకివేయు భాగము హీటరే. ఆ పీకివేయుట తెలియక జరిగినచో ఒకప్పుడు ఇంజనునకును, ఒకప్పుడు కారులో కూర్చున్నవారి ప్రాణమునకును ముప్పు వాటిల్లును. కావున ఇది చలిదేశమువారి విలాసమును గూర్చిన ముచ్చట కాదు. ఇంటిల్లిపాది ఎక్కి తిరుగు వాహనమును గూర్చిన మాట.

ఈ కార్లకును గోరిమేడునకును కాలములో ఒక పొత్తు కలదు. 1823లో ఫ్రెంచివారు పుదుచ్చేరిలో నెలకొల్పిన వైద్యపాఠశాల పరంపరలో వచ్చిన జిప్‌మర్ సంస్థను 1964 జూలై 13వ తేదీన నాటి రాష్ట్రపతి డాక్టరు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ప్రారంభించిరి. అంతకు రెండేండ్ల ముందు, 1962లో, ఇంగ్లండులో ఎం.జి.బి., ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అను రెండు చిన్న స్పోర్ట్సు కార్లు వెలువడెను. స్పిట్‌ఫైరునకు మాతృక ట్రయంఫ్ హెరాల్డు. హెరాల్డు చట్రమునే పొట్టిచేసి, దానిపై ఇద్దరు కూర్చొను తేలికైన ఒడలిని అమర్చి ఆ కారును తీర్చిరి. ఆ హెరాల్డునే మదరాసులో స్టాండర్డు మోటార్ ప్రాడక్ట్సు వారు స్టాండర్డు హెరాల్డు అను పేర తయారుచేసిరి. మదరాసునుండి నెల్లూరు పోవు దారిలో శోలవరము వద్ద, యుద్ధకాలపు విమాన పథముమీద జరిగిన కారు పందెములు వయసు మళ్లినవారికి జ్ఞాపకముండును. కనుక కోరమాండలు తీరమునకు ఈ జాతి యంత్రములు పరాయివి కావు. హెరాల్డు మరమ్మతు ఎరిగిన చేతికి స్పిట్‌ఫైరు కొత్తచుట్టము కాదు.

అయితే ఆ కార్లు పుట్టిన చలిదేశములోనే హీటరు మొదట అదనపు వెల చెల్లించి కొనవలసిన సరుకుగా నుండెడిది. పైకప్పు తెరచి గాలికి ఎదురేగుటయే స్పోర్ట్సు కారు సొగసని ఆనాటివారి భావము. ఇంగ్లండువారే అక్కరలేదనుకొన్న వస్తువు గోరిమేడులో దేనికని మరల ప్రశ్న పుట్టును. దానికి బదులు చెప్పుటకు ముందు హీటరు పనిచేయు తీరును చూడవలెను.

హీటరు రేడియేటరునకు చిన్న తమ్ముడు. ఇంజనులో పెట్రోలు మండగా పుట్టిన వేడిలో కొంత చక్రములను త్రిప్పును. కొంత పొగగొట్టము వెంట పోవును. మిగిలిన దానిలో అధికభాగమును ఇంజను గోడల నడుమ తిరుగు నీరు మోసికొనిపోవును. ఆ నీటిని త్రిప్పునది పంపు. ఇంజను చల్లగా నున్నంతసేపు నీరు రేడియేటరునకు పోకుండ థర్మోస్టాటు అడ్డుకొనును. నీరు సుమారు 82 డిగ్రీల సెంటిగ్రేడునకు కాగినపుడు దారి విడుచును. ఈ పెద్ద ప్రసరణ గాక, ఇంజను పైభాగమునుండి ఒక సన్నని గొట్టము బయలుదేరి, ఒక కుళాయి గుండ, ముందు అద్దము క్రిందనున్న రేకు పెట్టెలోనికి పోవును. మరియొక గొట్టము ఆ నీటిని తిరిగి పంపునకు చేర్చును. పెట్టెలో ఇత్తడి గొట్టములు, పలుచని రాగి రేకులు కూర్చిన జాలి యుండును. పనివారు దీనిని హీటరు కోర్ అందురు. ఒక చిన్న విద్యుత్తు పంకా దానిమీదుగా గాలిని త్రోయును. రేకు తలుపులు ఆ గాలిని కాళ్లవైపునకు గాని, అద్దమువైపునకు గాని మళ్లించును.

వైద్యశాలలో పనిచేయువారికి ఈ ఏర్పాటును శరీరముతో పోల్చి చెప్పుట సులభము. పంపు గుండె వంటిది. హీటరు రక్తనాళములలో ఒక ప్రక్కశాఖ. ప్రక్కశాఖయే కదా యని దానిని ఉపేక్షించరాదు. అందులో గండిపడినను కారిపోవునది అదే నెత్తురు.

వేడినీటి హీటరు రాకముందు కొన్ని కార్లలో పొగగొట్టపు వేడిమీదుగా గాలిని పంపి లోనికి విడుచు ఏర్పాటుండెను. గొట్టమునకు చిల్లుపడిన నాడు వెచ్చని గాలితోపాటు విషవాయువు లోనికి వచ్చెడిది. 1938లో అమెరికాలో నాష్ కంపెనీవారు బయటి గాలిని వడకట్టి, వేడినీటి జాలి మీదుగా కారులోనికి పంపు పద్ధతిని తెచ్చిరి. పిమ్మట వేడినీటి హీటరే రాజమార్గమయ్యెను. నీరు లేక గాలితోనే చల్లబడు ఇంజనులు గల వోక్స్‌వాగన్ బీటిల్, పోర్షె 356 వంటి కార్లలో మాత్రము పొగగొట్టపు వేడినే వాడక తప్పలేదు. అట్టి కారు గలవారు హీటరు పెట్టెలో తుప్పు ఏపాటి యున్నదో ఏటేట చూపించుకొనుట ప్రాణరక్షణమే.

ఇక గోరిమేడులో హీటరు చేయు ఉపకారములను చూతము. మొదటిది వానకాలపు ఉపకారము. పుదుచ్చేరికి ముఖ్యమైన వాన అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనముతో వచ్చును. గుడ్డకప్పు గల చిన్న కారులో తడిసిన బట్టలతో ఇద్దరు కూర్చుండి కప్పు మూసినచో, వారి ఊపిరిలోని తేమ, బట్టల తేమ లోపలి గాలిలో నిండును. వాన తాకిడికి చల్లబడిన అద్దము ఆ తేమను మంచుబిందువులుగా పట్టుకొనును. చేతిగుడ్డతో తుడిచిన మరుక్షణమే మరల మసకబారును. తిండివనము రోడ్డుమీద రాత్రివేళ ఎదుటి లారీ దీపములు ఆ మసకలో చెదరి కనుచూపును కప్పివేయును. గాలిని కొంచెము వెచ్చచేసినచో దానికి తేమను ఇముడ్చుకొను శక్తి పెరుగును. ఆ గాలిని అద్దమునకు తాకించినచో మసక విడిపోవును. ఎయిర్ కండిషనరు లేని పాతకారునకు దీనిని మించిన సాధనము లేదు. అనగా ఇచ్చట హీటరు పని కాళ్లు కాచుట కాదు, కన్నులు తెరచుట.

రెండవది కొండప్రయాణపు ఉపకారము. ఊటీ, ఏర్కాడు, అరకులోయ, లంబసింగి వంటి చోట్లకు శీతకాలములో పోవువారికి హీటరు అసలు పనియే పడును. అంతకంటె వింతయైనది కొండ ఎక్కునప్పటి ఉపయోగము. తిరుమల కొండదారి వంటి ఎత్తుదారిలో ఇంజను వేడి సూచిక పైపైకి పోవుచున్నచో, అనుభవము గల డ్రైవరు హీటరు కుళాయిని పూర్తిగా తెరచి పంకాను వేయును. లోపలివారికి ఉక్కపోయుట నిజమే. కాని ఆ చిన్నజాలి రెండవ రేడియేటరుగా పనిచేసి, కారును క్షేమముగా ప్రక్కకు ఆపుకొనువరకు కొంత వ్యవధి నిచ్చును. ఆపిన వెంటనే రేడియేటరు మూత విప్పరాదు. ఆ కాలపు కార్లలో మూత తరచు చదరపు అంగుళమునకు 7 పౌనుల ఒత్తిడిని నిలుపును. ఆ ఒత్తిడిలో నీరు సుమారు 111 డిగ్రీల వరకు మరుగకుండ నుండును. మూత వదులైన క్షణమున అది ఒక్కసారిగా ఆవిరియై ముఖముమీదికి చిమ్మును. అట్టి కాలిన గాయములెట్లుండునో వైద్యశాలవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

మూడవది ఉపకారము కాదు, అపకార నివారణ. హీటరు కుళాయి తెరచుకొనుట ఎంత ముఖ్యమో మూసుకొనుట అంత ముఖ్యము. చాలకాలము కదలని కుళాయి చిలుము పట్టి సగము తెరచి బిగిసికొనిపోవును. అప్పుడు నడివేసవిలో కూడ వేడినీరు జాలిలో తిరుగుచునే యుండి, పాదములకు సెగ తగులుచుండును. యజమాని ఎండను తిట్టును గాని, దోషము కుళాయిది. ఈ బాధ పడలేకయే పలువురు హీటరును తెగత్రెంపులు చేయుదురు. కుళాయి ఒక్కటి మార్చినచో తీరెడు బాధకు పెట్టెనంతను పీకివేయుట, పంటినొప్పికి దవడ తీయించుకొనుట వంటిది.

కావున మరమ్మతునకు ముందు రోగనిర్ణయము జరుగవలెను. కుళాయి తెరచియున్నపుడు, లోనికి పోవు గొట్టము వేడిగానుండి తిరిగివచ్చు గొట్టము చల్లగానున్నచో జాలి పూడియుండును, లేదా అందులో గాలి చిక్కుకొనియుండును. రెండు గొట్టములును చల్లగా నున్నచో ముందుగా కుళాయిని అనుమానింపవలెను. రెండును వేడిగా నుండియు గాలి రానిచో పంకా, ఫ్యూజు, తీగల కలయికలను చూడవలెను. రేడియేటరులో మట్టము తగ్గుచు, కాళ్లక్రింది తివాచీ తడియగుచు, తియ్యని వాసనయు అద్దముపై జిడ్డుమసకయు కనబడినచో జాలికి చిల్లుపడినదనియే యెంచవలెను. ఈ నాలుగు పరీక్షలకు చేయి, ముక్కు, కన్ను తప్ప వేరే పరికరములు అక్కరలేదు. వేడిగొట్టములను తాకునపుడు మాత్రము ఇంజను ఆపి, పంకా రెక్కలకు దూరముగా చేయి పెట్టవలెను.

కొందరు కోరునట్లు హీటరును తాత్కాలికముగా తొలగింపవలసివచ్చినచో దానికి ఒక మర్యాద కలదు. కొన్ని ఇంజనులలో థర్మోస్టాటు మూసియున్నపుడు నీరు తిరుగుటకు హీటరు దారియే ఆధారము. అట్టివాటిలో రెండు గొట్టములకును బిరడాలు కొట్టినచో నీరు ఒక్కచోట నిలిచి, ఇంజను తలభాగములో అక్కడక్కడ మితిమీరిన వేడి పుట్టును. అందుచేత గొట్టములను మూయుటకంటె, ఒకదానితో నొకటి కలిపి ప్రసరణను నిలుపుటయే చాలవరకు క్షేమము. ఏ ఇంజనునకు ఏది తగునో ఆ కారు మరమ్మతు పుస్తకమును చూచి తేల్చుకొనవలెను. తీసిన భాగములను పాతసామానువానికి అమ్మక, గుడ్డలో చుట్టి దాచవలెను. కారును రేపు కొనువారు గాని, వారసులు గాని వాటి కొరకు వెదకుదురు.

జాలిని బయటికి తీయుట ఓర్పుతో కూడిన పని. ఇంజను పూర్తిగా చల్లారిన పిమ్మట బ్యాటరీ తీగను విప్పి, నీటిని పళ్లెములోనికి దించవలెను. ఏండ్ల తరబడి అంటుకొనిపోయిన రబ్బరు గొట్టములను మెలిపెట్టి లాగరాదు. అట్లు లాగినచో ఇత్తడి మూతి మాటు విడిపోయి, లేని చిల్లు ఏర్పడును. గొట్టమును నిలువున కోసి ఒలిచివేయుటయే మేలు. క్రొత్త గొట్టపు వెల జాలి వెలకంటె చాల తక్కువ. జాలి బయటపడిన తరువాత ఒక మూతిని మూసి, రెండవదానినుండి మూత నిలుపు ఒత్తిడికంటె కొంచెము హెచ్చుగా గాలి నింపి, తొట్టినీటిలో ముంచవలెను. బుడగలు వచ్చుచోటు చిల్లు.

ఇప్పుడు అసలు ప్రశ్న: బాగుచేయుటయా, మార్చుటయా? చిల్లు మూతివద్ద గాని, ప్రక్క తొట్టెల అంచున గాని యున్నచో, మాటు వేయించిన చాలును. రేడియేటరు పనివాడు ఆ చోటును మెరుగుపెట్టి, తగరము సీసము కలిపిన మాటుతో అతికినచో అది చాలకాలము నిలుచును. జాలి నడుమ ఒకటి రెండు గొట్టములే కారుచున్నచో వాటిని మూసివేయవచ్చును. వేడి స్వల్పముగా తగ్గును గాని గోరిమేడునకు అది లోటు కాదు. పూడిక మాత్రమే యున్నచో నిమ్మ ఉప్పును వేడినీటిలో కరగించి లోన పోసి, కొంతసేపు నిలిపి, రెండువైపులనుండి ధారాళముగా కడుగవలెను. గొట్టములు పలుచోట్ల పలుచబడి, ఒకచోట మాటు వేయగా మరొకచోట కారుచున్నచో, ఇక మాటుల మీద మాటులు దండుగ. పాత తొట్టెలను ఉంచుకొని నడిమి జాలిని మాత్రము క్రొత్తది వేయించుట ఒక మార్గము. క్రొత్త కోర్ తెప్పించుకొనుట మరియొకటి. మొదటి మార్గమున కారు పూర్వరూపము చెడదు. రెండవ మార్గమున అల్యూమినియము కోర్ వచ్చినచో, వేర్వేరు లోహములు ఒకే నీటిలో నున్నపుడు తుప్పు త్వరపడును గనుక, దానికి తగిన కూలెంటునే పోయవలెను. ఏది చేసినను బోరునీరు పోయరాదు. అందులోని సున్నపు లవణములు సన్నని గొట్టములలో పేరుకొనును. బ్యాటరీలో పోయు డిస్టిల్డు వాటరే శ్రేయస్కరము.

పెట్టె బయటికి వచ్చిన సమయమున మిగిలిన అంగములను కూడ చూచుకొనుట తెలివి. సముద్రపుగాలి గల ఊరిలో రేకు పెట్టె అడుగున తుప్పు తప్పదు, గీకి రంగువేయవలెను. రేకు తలుపుల అంచున నుండు మెత్తలు పొడియై రాలియుండును. అవి లేనిదే గాలి అద్దమునకు చేరక దారిలోనే చెదరిపోవును. పాత మెత్తలలోను వేడి అడ్డుపట్టీలలోను ఆస్బెస్టాసు ఉండుటకు అవకాశము కలదు గనుక వాటిని పొడిగా గీకరాదు, ఊదరాదు. తడిపి జాగ్రత్తగా తొలగింపవలెను. విద్యుత్తు విషయమున మరియొక మెలకువ కలదు. 1967 వరకు ఎం.జి.బి. వంటి బ్రిటిషు కార్లలో బ్యాటరీ ధనధ్రువమును ఒడలికి కలిపెడివారు. అట్టి కారునకు క్రొత్తరకపు అయస్కాంతపు మోటారును తీగలు చూడక తగిలించినచో పంకా వెనుకకు తిరుగును. శబ్దము వచ్చును గాని గాలి రాదు. నీరు తిరిగి పోయునపుడు హీటరు కుళాయిని తెరచియుంచి, కారు ముందుభాగమును కొంచెము ఎత్తినచో చిక్కుకొన్న గాలి బయటికి పోవును.

ఇంతవరకు చెప్పినది యంత్రముయొక్క క్షేమము. అంతకంటె ముఖ్యమైనది మనుష్యుని క్షేమము. హీటరు పెట్టె ఇంజను గదికిని కూర్చొను గదికిని నడుమనున్న రేకు గోడకు ఆనుకొని యుండును. పెట్టెను పీకివేసి ఆ గోడలోని రంధ్రములను మూయనివారును, గాలిని తెచ్చు గొట్టము చినిగినను పట్టించుకొననివారును ఇంజను గదిలోని గాలిని నేరుగా తమ ముఖములమీదికి తెచ్చుకొనుచున్నారు. పొగగొట్టపు అతుకు కారుచున్నచో ఆ గాలిలో కార్బను మోనాక్సైడు ఉండును. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హిమోగ్లోబినును అది ఆక్సిజనుకంటె రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. మొదట తలనొప్పి, తల తిరుగుట, వికారము, తరువాత మగత. ప్రయాణపు బడలిక యనుకొని బిడ్డలను వెనుకకు వాల్చి నిద్రపుచ్చుట జరుగును. వ్రేలికి తగిలించు పల్సు ఆక్సీమీటరు కూడ ఈ విషమును గుర్తింపలేక, అంతయు బాగున్నట్లే అంకె చూపును; కనుక ఆ అంకెను నమ్మి ఊరకుండరాదు. కారులో నున్న పలువురికి ఒకేసారి తలనొప్పి పుట్టి, బయటికి రాగానే తగ్గినచో, ముందుగా ఈ వాయువును అనుమానింపవలెను. చేయవలసినది వెంటనే దిగి గాలిలోనికి వచ్చుట, ఇంజను ఆపుట, ఆసుపత్రి చేరి ఆక్సిజను పొందుట. మామూలు గాలిలో ఈ విషము రక్తమునుండి సగము తొలగుటకు నాలుగైదు గంటలు పట్టగా, శుద్ధమైన ఆక్సిజనుతో సుమారు గంట, గంటన్నర చాలును.

రెండవ విషము కూలెంటులోని ఇథిలీను గ్లైకాలు. ఇది తియ్యగా నుండును. హీటరు గొట్టమునుండి కారి ఇంటిముందు నేలపై నిలిచిన పచ్చని మడుగు పసిపిల్లలను, కుక్కలను ఆకర్షించును. కొద్దిపాటి లోనికి పోయినను శరీరములో అది విషముగా మారి, మూత్రపిండములలో స్ఫటికములై వాటిని చెరచును. కారిన చోటును వెంటనే నీటితో కడిగి శుభ్రపరచుట, మిగిలిన కూలెంటును తాగునీటి సీసాలలో దాచకుండుట గృహస్థధర్మములు. ఎవరైన త్రాగినచో లక్షణములకై ఎదురుచూడక, డబ్బాతోసహా ఆసుపత్రికి కొనిపోవలెను. దానికి విరుగుడు మందులు కలవు. అవి ఆలస్యము కానంతవరకే అక్కరకు వచ్చును.

సభాసదులారా! ఇన్ని మాటలలోని సారము ఒక్కటే. హీటరు పొయ్యి కాదు, ఇంజను గదికిని మనుష్యుల గదికిని నడుమ గల తలుపు. ఆ తలుపు కావలసినపుడు తెరచుకొనవలెను, వద్దన్నపుడు గట్టిగా మూసుకొనవలెను. ఊడదీసి రంధ్రము విడుచుట తలుపు లేని ఇంటిలో నిదురించుట వంటిది. చిలుము పట్టనిచ్చుట గొళ్లెము పడని తలుపును నమ్ముట వంటిది. మాటు వేయుటతో తీరునది మాటుతో తీర్చుకొని, తీరనిది మార్చుకొని, తొలగింపక తప్పనిచో నీటిదారిని కలిపి, గాలిదారిని మూసి తొలగించుకొనినచో, పాతకారు గోరిమేడు ఎండలోను వానలోను ముచ్చటగానే తిరుగును. అందులోని వారు క్షేమముగా ఇల్లు చేరుదురు. స్వస్తి.